క్లెయిము కట్టిన చరిత్ర చూసి కంపెనీని ఎంచుకుందాం

మన సమాఖ్య సర్వసభ్య సమావేశం ముందుకు ఈసారి ఒక ముఖ్యమైన తీర్మానం వస్తోంది. సభ్యులందరికీ కలిపి ఒక గ్రూపు బీమా తీసుకుందామని గ్రామ సంఘాలు చాలాకాలంగా అడుగుతున్నాయి. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో యాభై ఏళ్ళు దాటినవాళ్ళు కొత్తగా చేరడానికి వీల్లేదు. మన సంఘాల్లో యాభై దాటిన అక్కలు తక్కువమంది లేరు. అందుకని రెండు కంపెనీల వాళ్ళను పిలిచి మాట్లాడాం. ఒక కంపెనీ ప్రీమియం తక్కువ చెప్పింది, ఇంకొకటి ఎక్కువ చెప్పింది. "ఎక్కడ కట్టినా బీమా బీమాయే కదా, తక్కువకి ఇచ్చేవాళ్ళ దగ్గరే తీసుకుందాం" అని కొందరు సభ్యులు అన్నారు. ఆ మాట తీసిపారేసేది కాదు. కూలి డబ్బుల్లోంచి కట్టేవాళ్ళకి పది రూపాయలైనా లెక్కే.

అయితే చీర కొంటే చేతిలోకి చీర వస్తుంది, గేదెను కొంటే ఇంటికి గేదె వస్తుంది. బీమా కొంటే వచ్చేది ఒక కాగితం. "నీకేదైనా అయితే నీ పిల్లలకి ఇంత ఇస్తాం" అని ఆ కాగితంలో ఒక మాట ఉంటుంది. ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో చూడటానికి, కొనుక్కున్న మనిషి ఉండదు. అందుకే ఆ కంపెనీ ఇదివరకు చనిపోయినవాళ్ళ ఇళ్ళకు డబ్బు కట్టిందా లేదా అన్నదే మనం చూడాల్సింది. ఆ లెక్క మనలాంటివాళ్ళకి కనపడే రోజు రావడానికి ఈ దేశంలో వంద సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ కథ సభ్యులందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

పేరు చూసి నమ్మిన కాలం

మన దేశంలో మొదటి జీవిత బీమా కంపెనీ 1818లో కలకత్తాలో పెట్టిన ఓరియంటల్ కంపెనీ. అది తెల్లవాళ్ళ కుటుంబాల కోసం పెట్టింది. తర్వాత మనవాళ్ళకు బీమా ఇచ్చినా, మన ప్రాణాలకు భరోసా తక్కువని ఎక్కువ ప్రీమియం అడిగేవాళ్ళు. 1870లో బొంబాయి మ్యూచువల్ అనే సొసైటీ వచ్చి, భారతీయుల దగ్గర కూడా మామూలు ప్రీమియమే తీసుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత స్వదేశీ ఉద్యమం వచ్చింది. మన డబ్బు మన కంపెనీల్లోనే ఉండాలని ఊరూరా పెద్దలు బ్యాంకులు, బీమా కంపెనీలు పెట్టారు. మన బందరు కూడా ఇందులో వెనకబడలేదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. రెండేళ్ళకి, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. అప్పటి జనం కంపెనీ లెక్కలు చూసి చేరలేదు. "పట్టాభి గారు పెట్టారు, మోసం ఉండదు" అని చేరారు. మనిషి పేరే కంపెనీకి పూచీ.

పేరున్న పెద్దమనుషులు ఉన్నచోట అది సరిపోయింది. కానీ దేశమంతా అలాంటివాళ్ళే లేరు. ప్రీమియాలు వసూలు చేసి, క్లెయిములు వచ్చేసరికి చేతులెత్తేసిన కంపెనీలు పుట్టుకొచ్చాయి. అందుకే 1912లో ఒక చట్టం, 1938లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. 1938 బీమా చట్టంలో మనకు పనికొచ్చే రెండు సంగతులున్నాయి. ఒకటి, 39వ సెక్షన్. నామినీ పేరు రాసుకునే హక్కు దీనివల్లే ఉంది. రెండోది, 45వ సెక్షన్. పాలసీ తీసుకుని రెండేళ్ళు దాటాక, మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, "అప్పుడు ఫారంలో తప్పు రాశారు" అనే వంకతో కంపెనీ క్లెయిము ఎగ్గొట్టకూడదని ఆ సెక్షన్ చెప్పింది. ఈ 45వ సెక్షన్ను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు దీనితో పనుంది.

సర్కారు పూచీ ఇచ్చిన కాలం

చట్టం వచ్చినా కంపెనీలు మునగడం ఆగలేదు. 1956కి ముందు పదేళ్ళలో 25 జీవిత బీమా కంపెనీలు దివాలా తీశాయనీ, ఇంకో 25 తమ సొమ్మంతా పాడుచేసుకుని పాలసీదారులకు నష్టంతో వేరే కంపెనీల్లో కలిశాయనీ అప్పటి ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ దేశానికి చెప్పారు. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో లేచి, భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ సొమ్మును దాని యజమాని రామకృష్ణ దాల్మియా తన సొంత వ్యాపారాలకు మళ్ళించిన సంగతి బయటపెట్టారు. తర్వాత కేసు నడిచి దాల్మియాకు జైలు శిక్ష పడింది. అది జనం తమ పిల్లల కోసమని కట్టుకున్న సొమ్ము.

1956 జనవరి 19న ప్రభుత్వం జీవిత బీమా వ్యాపారాన్నంతా తన చేతిలోకి తీసుకుంది. దేశీ కంపెనీలు, విదేశీ కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు అన్నీ కలిపి 245. వాటన్నిటినీ కలిపి అదే ఏడాది సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ పెట్టారు. మన బందరు కంపెనీ జీవిత బీమా కూడా అందులోనే కలిసింది. బందరులో ఎల్‌ఐసీ డివిజనల్ ఆఫీసు ఇవ్వాళ్టికీ ఉంది. ఎల్‌ఐసీ పాలసీల సొమ్ముకు కేంద్ర ప్రభుత్వమే పూచీ అని చట్టంలో రాశారు.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా "ఏ కంపెనీ?" అనే ప్రశ్నే లేదు. ఉన్నది ఒకటే. కానీ మన అమ్మలకి, అమ్మమ్మలకి బీమా అందిందా అంటే, చాలామందికి అందలేదు. నెలజీతం ఉన్న ఇళ్ళకి ఏజెంటు వెళ్ళేవాడు. వరి నాట్లు వేసే ఆడమనిషి పేరు మీద పాలసీ రాద్దామని ఎవరికీ తోచలేదు. ఆమె చనిపోతే ఇంటికి వచ్చే నష్టానికి లెక్కే లేదు.

సంఘాలు వచ్చాక

1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఊపుతో పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. 2000లో వెలుగు వచ్చింది. పొదుపు, అప్పు అలవాటయ్యాక, మూడో ప్రశ్న దానంతటదే వచ్చింది. అప్పు తీసుకున్న మనిషి చనిపోతే ఎవరు తీర్చాలి? పిల్లలు తీర్చాలా, సంఘం తీర్చాలా?

ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చినవే మన బీమా పథకాలు. 2000లో ఎల్‌ఐసీ జనశ్రీ బీమా తెచ్చింది. 2007లో ఆమ్ ఆద్మీ బీమా వచ్చింది. ఏడాదికి 200 రూపాయల ప్రీమియం కేంద్రం సగం, రాష్ట్రం సగం కట్టేవి. మామూలు మరణానికి 30 వేలు, ప్రమాద మరణానికి 75 వేలు, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే ఇద్దరు పిల్లలకు నెలకు వంద రూపాయల స్కాలర్‌షిప్పు ఇచ్చేవాళ్ళు.

ఈ సొమ్ము ఇవ్వాళ చిన్నదిగా కనపడవచ్చు. కానీ మన రాష్ట్రంలో ఆ పథకం నడిచిన పద్ధతిలో పెద్ద పాఠం ఉంది. మన జిల్లా సమాఖ్యల్లో కాల్ సెంటర్లు పెట్టారు. ఊళ్ళో ఎవరైనా చనిపోతే ఫోను చేసేవాళ్ళు. బీమా మిత్ర ఆ ఇంటికి వెళ్ళి, ఖర్చులకు 5 వేలు చేతికిచ్చి, మరణ ధృవీకరణ పత్రం, నామినీ కాగితాలు అన్నీ తనే సమకూర్చేది. ఏడుస్తున్న ఇల్లు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. 2016లో వచ్చిన చంద్రన్న బీమాలో కూడా ఇదే పద్ధతి నడిచింది. బీమా పథకం మంచిదా కాదా అన్నది చావు జరిగిన ఇంట్లో తేలుతుందని బీమా మిత్రలుగా పనిచేసిన మన ఆడవాళ్ళు అందరికన్నా ముందు తెలుసుకున్నారు. క్లెయిము తొందరగా రావాలంటే కంపెనీ మంచిదై ఉండాలి, కాగితాలు సరిగ్గా ఉండాలి, పక్కన నిలబడే మనిషి ఉండాలి. ఈ మూడూ అక్కడ చూశాం.

లెక్క బయటికి వచ్చిన కాలం

1993లో రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. బీమాలోకి ప్రైవేటు కంపెనీలను మళ్ళీ రానివ్వాలని ఆ కమిటీ చెప్పింది. 1999లో చట్టం చేసి, వాటిపైన అజమాయిషీకి ఐఆర్‌డీఏ అనే సంస్థను పెట్టారు. దాని హెడ్డాఫీసు మన హైదరాబాదులోనే ఉంది. 2000 నుంచి ప్రైవేటు కంపెనీలు రావడం మొదలైంది. అంటే 1956లో పోయిన ప్రశ్న మళ్ళీ వచ్చింది: ఏ కంపెనీ?

అయితే పట్టాభి గారి కాలానికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. ఇప్పుడు ప్రతి కంపెనీకి ఏడాదిలో ఎన్ని మరణ క్లెయిములు వచ్చాయి, ఎన్ని కట్టారు, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని తేలకుండా ఉన్నాయి అనే లెక్కను ఐఆర్‌డీఏ వార్షిక నివేదికలో అచ్చువేస్తుంది. వందకు ఎన్ని కట్టారన్న దాన్నే క్లెయిము సెటిల్‌మెంటు రేషియో అంటారు. మన సంఘాల్లో అప్పు వసూలు శాతం చూసి గ్రేడు ఇస్తారు కదా, అలాంటిదే ఇది. మన శాతం బ్యాంకు చూస్తుంది, కంపెనీ శాతం మనం చూడాలి.

ఆ లెక్కలు ఏం చెప్పాయో చూడండి. 2012–13లో జనం విడివిడిగా తీసుకున్న పాలసీల మరణ క్లెయిముల్లో ఎల్‌ఐసీ వందకు 97కి పైగా కట్టింది. ప్రైవేటు కంపెనీలన్నీ కలిపి వందకు 89 కూడా కట్టలేదు. అంటే ప్రైవేటు పాలసీ ఉన్న వంద ఇళ్ళలో చావు జరిగితే, పదకొండు ఇళ్ళకు పైగా డబ్బు రాలేదు, లేదా ఏ సంగతీ తేలలేదు. ఆ ఇళ్ళవాళ్ళు కూడా ప్రీమియం కట్టినవాళ్ళే.

2022–23కి వచ్చేసరికి ఎల్‌ఐసీ 98.52, ప్రైవేటు కంపెనీలు 98.02. పదేళ్ళలో ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. ఈ మధ్యలో చట్టం మారింది. 2015లో 45వ సెక్షన్ను సవరించారు. పాలసీ తీసుకుని మూడేళ్ళు దాటితే, మోసం అనే కారణంతో సహా, ఏ కారణం చెప్పి కూడా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదని రాశారు. మొదటి మూడేళ్ళలోపు మాత్రం కంపెనీ అడగవచ్చు. ఇంకోవైపు, శాతాలు ఏటా పేపర్లలో పడుతుండటంతో తక్కువ శాతం ఉన్న కంపెనీ పాలసీ అమ్ముకోవడం కష్టమైంది. అందువల్ల ప్రైవేటు అంటే ఎగ్గొడతారని, సర్కారుదైతే కళ్ళు మూసుకోవచ్చని అనుకోవద్దు. ఏ కంపెనీకి ఆ కంపెనీ లెక్క చూడాలి.

చట్టం తెలిసినందువల్ల ఏమైంది

మన గ్రామ సంఘాల్లో ఒకదాంట్లో జరిగిన సంగతి చెప్తాం. ఒక సభ్యురాలు ఏజెంటు ద్వారా ఒక కంపెనీలో పాలసీ తీసుకుని, నాలుగేళ్ళు మానకుండా కట్టింది. ఆమె చనిపోయాక కూతురు క్లెయిము పెట్టుకుంటే, "షుగరు ఉన్న సంగతి దాచారు" అని కంపెనీ తిరస్కరిస్తూ ఉత్తరం రాసింది. ఆ పిల్ల ఉత్తరం పట్టుకుని గ్రామ సంఘానికి వచ్చింది. పాలసీ మూడేళ్ళు దాటిందని చూసి, 45వ సెక్షన్ రాసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి అర్జీ పంపించాం. నెల దాటినా జవాబు లేదు. అప్పుడు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాశాం. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ జవాబు వచ్చిన దగ్గర్నుంచి, లేదా జవాబు లేకుండా నెల గడిచిన దగ్గర్నుంచి ఏడాదిలోపు రాయాలి. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పుకు కంపెనీ కట్టుబడాలి.

డబ్బు వచ్చింది. కానీ రావడానికి ఏడాది దాటింది. ఈలోపు ఆ ఇంట్లో అప్పుకు వడ్డీ పెరిగింది, ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం మధ్యలో ఆపి రొయ్యల షెడ్డుకు పనికి వెళ్ళింది. వందకు ఎన్ని కట్టారన్న శాతంలో అది కూడా "కట్టిన క్లెయిము"గానే ఉంటుంది. ఆ ఏడాది ఆలస్యం అందులో కనపడదు. ఆ పిల్ల మళ్ళీ పరీక్షకు కట్టింది, అది వేరే సంగతి. శాతం ఒక్కటే చూసి ఆగిపోకూడదని ఇక్కడ అర్థమవుతుంది.

శాతం వెనకాల చూడాల్సినవి

ఒకటి, ఎన్ని క్లెయిముల మీద ఆ శాతం వచ్చిందో చూడాలి. ఐదు క్లెయిములు వచ్చి ఐదూ కట్టిన కొత్త కంపెనీ నూటికి నూరు అని కరపత్రం వేసుకుంటుంది. పదివేలు వచ్చి 9,800 కట్టిన కంపెనీది 98. రెండో కంపెనీ లెక్కే ఎక్కువ నమ్మదగినది. ఒక్క ఏడాది కాకుండా నాలుగైదేళ్ళ లెక్క చూడాలి.

రెండు, సంఖ్యతో పాటు సొమ్ము లెక్క చూడాలి. వంద క్లెయిముల్లో 20 వేల చొప్పున 98 చిన్నవి కట్టేసి, 5 లక్షల చొప్పున రెండు పెద్దవి ఆపేశారనుకోండి. సంఖ్య ప్రకారం 98 శాతం. సొమ్ము ప్రకారం కట్టాల్సింది 29 లక్షల 60 వేలు, కట్టింది 19 లక్షల 60 వేలు. అంటే వందకు 66.

మూడు, ఎన్నాళ్ళలో కట్టారో చూడాలి. కాగితాలన్నీ అందాక 30 రోజుల్లో తేల్చాలని 2002 నిబంధనల్లోనే ఉంది. విచారణ కావాలంటే అప్పట్లో ఆరు నెలల దాకా గడువు ఇచ్చారు, తర్వాత దాన్ని తగ్గిస్తూ వచ్చారు. నెలలోపు ఎన్ని కట్టారు, మూడు నెలల్లో ఎన్ని కట్టారు అనే లెక్కలు కంపెనీలు తమ వెబ్‌సైట్లలో "పబ్లిక్ డిస్‌క్లోజర్స్" అనేచోట పెడతాయి. మన పిల్లలు ఫోనులో తీసి చూపించగలరు.

నాలుగు, గ్రూపు బీమా లెక్క వేరు, వ్యక్తిగత పాలసీల లెక్క వేరు. మనం తీసుకునేది గ్రూపు బీమా కాబట్టి ఆ లెక్కే అడగాలి. ఆరోగ్య బీమా కంపెనీల లెక్క అసలు ఇంకో రకం. ఒకదాని శాతం ఇంకోదానికి చూపిస్తే ఒప్పుకోవద్దు.

ఇంకో మాట. ప్రధానమంత్రి జీవన జ్యోతిలో మన ఖాతా నుంచి ఏడాదికి 436 రూపాయలు కోస్తారు. 2 లక్షల బీమా ఉంటుంది. అక్కడ కంపెనీని ఎంచుకునేది మనం కాదు, బ్యాంకు. అప్పు ఇచ్చేటప్పుడు చేసే లోన్ బీమా కూడా చాలాసార్లు అంతే. అయినా ఏ కంపెనీలో చేశారు, సర్టిఫికెట్ ఏది అని అడిగే హక్కు మనకుంది. డబ్బు కోసిన ఎస్ఎంఎస్ చూసి ఊరుకుంటే, రేపు ఇంటివాళ్ళకి ఎవరిని అడగాలో తెలియదు.

సభ ముందుంచే మాట

మొదట మనిషి పేరు చూసి నమ్మారు. తర్వాత సర్కారు పూచీ చూసి నమ్మారు. ఇప్పుడు లెక్క చూసి నమ్మే అవకాశం మన చేతికి వచ్చింది. అందుకని తీర్మానానికి ముందు రెండు కంపెనీల నుంచీ రాతపూర్వకంగా ఇవి తెప్పించుకుంటాం: గడిచిన ఐదేళ్ళలో గ్రూపు బీమా మరణ క్లెయిములు ఎన్ని వచ్చాయి, ఎన్ని కట్టారు, ఎంత సొమ్ము కట్టారు, నెలలోపు ఎన్ని కట్టారు, తిరస్కరించినవాటికి ఏ కారణాలు చెప్పారు. వాటిని ఐఆర్‌డీఏ లెక్కలతో సరిపోల్చి, తెలుగులో రాసి ప్రతి గ్రామ సంఘానికీ పంపిస్తాం. లెక్క ఇవ్వడానికి నసిగే కంపెనీ, ప్రీమియం ఎంత తక్కువైనా, మనకు వద్దని మా అభిప్రాయం. లెక్కలు రెండిటివీ సమానంగా ఉంటే తక్కువ ప్రీమియం కంపెనీయే తీసుకోవచ్చు, అందులో తప్పులేదు.

మన వైపు నుంచి చేయాల్సిన పని కూడా ఉంది. ప్రతి సంఘం తమ సభ్యుల ఆధార్, బ్యాంకు పుస్తకం, పాలసీ కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో నెలవారీ మీటింగులో సరిచూడాలి. నామినీగా రాసిన భర్త చనిపోయి ఉంటే పిల్లల పేరు రాయించాలి. బీపీ, షుగరు, ఆపరేషన్లు ఏమున్నా ఫారంలో దాచకుండా రాయించాలి. ఏజెంటు నింపిన ఫారం మీద చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. కాగితాల జిరాక్సు ఒకటి ఇంట్లో, ఒకటి గ్రామ సంఘం ఫైల్లో ఉండాలి. ఎక్కడ పెట్టామో కూతురికో కోడలికో చెప్పి ఉంచాలి.

ఈ వ్యాసాన్ని మీటింగులో చదువు వచ్చిన చెల్లెలు ఒకరు పైకి చదివి మిగతావాళ్ళకి వినిపించండి. ప్రశ్నలు ఉంటే తీర్మానాల పుస్తకంలో రాసి సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. కంపెనీల వాళ్ళను ఆ రోజు సభకే పిలుస్తున్నాం. ఆ ప్రశ్నలు వాళ్ళనే అడుగుదాం.